సున్నా మింగిన మూడు గుప్పిళ్లు

కొయ్య అరిగితే కుంచం పెద్దదవుతుంది కాని చిన్నదవదు. లోపల చెక్క అరిగే కొద్దీ గింజ ఎక్కువ పడుతుంది. మరి సోములమ్మ కుంచం ఎలా తగ్గింది? పదకొండేళ్లుగా ఈ అనుమానం నన్ను వదల్లేదు. ఉదయం పూజ ముగించి హారతి కళ్లకద్దుకునే వేళ కూడా, మనసు స్వామి మీద నిలవకుండా ఆ కుంచం మీదికి పోయేది.

నా పేరు వరహాలు. మాది కొండ కింద శృంగవరపుకోట. నాన్న పెళ్లయిన కొత్తలో అరకు వచ్చి, సంత వీధిలో మిరియాలు, పసుపు, పిప్పళ్లు కొనే కొట్టు పెట్టారు. పదో తరగతి అయ్యాక నేనూ ఆ కొట్టులోనే కూర్చున్నాను. ఇప్పుడు నాకు యాభై ఆరు. మోకాళ్లు అరిగాయి. ఈ లోయలో చలి ఎముకల్లోకి దిగితే మధ్యాహ్నం దాకా బయటికి రాదు.

నాన్న కాలంలో కొట్టులో ఇనుప త్రాసు ఉండేది. సోములమ్మ కొండ మీది ఊరి నుంచి శుక్రవారం సంతకు మిరియాలు తెచ్చేది. ఇంటి దగ్గర కుంచంతో కొలిచి తెచ్చేది. ఆ కుంచం ఆమె భర్త పనస దుంగతో చెక్కింది. ఒక కుంచం మిరియాలంటే రెండు కిలోలు, ఆ త్రాసులో ఎప్పుడు తూచినా ఒక గింజ అటూ ఇటూ. నాన్న ఆమె చెప్పిన లెక్క విని, తూచకుండానే సంచి తీసుకున్న రోజులున్నాయి.

నాన్న పోయాక నేను ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. తూనికల వారు వచ్చి పరీక్షించి సీలు వేశారు. ఆ ఏడాది సోములమ్మ ఐదు కుంచాలు తెచ్చింది. కాటా తొమ్మిది కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు చూపింది.

"ఐదు కుంచాలు, సావుకారీ. పది కిలోలుండాల," అంది.

"కాటా అబద్ధమాడదు కదా, అప్పా," అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

మరుసటి వారం కుంచం కూడా వెంట తెచ్చింది. అందరి ముందూ కొలిచి, సంచిలో పోసి, కాటా మీద పోసింది. మళ్లీ అంతే తగ్గింది. పక్క కొట్టు కొండబాబు నోరు ఊరుకోదు.

"ఏటే సోములమ్మా, నీ పెనిమిటి కుంచంలో ఎలకలు కాపురం సేత్తన్నాయేటి?"

సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దగా కాదు, కానీ నవ్వాను. ఆమె నన్నే చూసింది. ఆమె భర్త పోయి అప్పటికి ఆరు నెలలు. ఆ తర్వాత ఆమె కుంచం తేవడం మానేసింది. సంతలో మాత్రం ఆ మాట మిగిలిపోయింది. చీర కొలత తగ్గినా, ఉల్లిపాయలు తక్కువ తూగినా 'సోములమ్మ కుంచం' అనేవారు. ఆమె ఎదుటే అనేవారు.

మా ఆవిడ భారతి అడిగేది, "ఆవిడ మీకే ఎందుకమ్ముతాదండీ ఇంకా?" అని. నాకూ తెలియదు. నాన్న మీద గౌరవం కావచ్చు. మిగతా కొట్లలోనూ అంతే నవ్వుతారు కనక కావచ్చు.

నాకు చిన్నప్పటి నుంచీ రేడియోలు విప్పి చూసే పిచ్చి ఉంది. నాలుగేళ్ల కిందట ఇక్కడి నెట్ సెంటరు మూసేస్తుంటే పాత కంప్యూటరు ఒకటి కొన్నాను. ఫోనులో వీడియోలు చూసి, విశాఖ నుంచి చిన్న చిన్న డిస్‌ప్లే పలకలు తెప్పించుకోవడం మొదలుపెట్టాను. అగ్గిపెట్టంత పలక. దానికి ఐదు తీగలు. మధ్యలో ఒక చిన్న బోర్డు, అక్కడి నుంచి కంప్యూటరుకి కేబులు. కంప్యూటరులో రాసిన అంకె ఆ పలక మీద ఎర్రగా వెలిగితే, ఎందుకో తెలియదు, నా అలసట కాసేపు తగ్గేది. మొదట నా జపం లెక్క చూపే పలక ఒకటి చేసి పూజగదిలో పెట్టాను. భారతి గుమ్మంలో నిలబడి చూసింది.

"దేవుడికి దీపం సాలదేటండీ? ఈ ఎర్రంకెలు సూసి ఆయన భయపడతారు."

"లెక్క తప్పిపోతన్నాను భారతీ."

"తప్పితే తప్పనీండి. ఆయనకేటి, లెక్కలు సూసుకుంటా కూర్చున్నారా?"

ఆమె మాటలో నిజముందనిపించి రెండో రోజే తీసేశాను. పలక మాత్రం మిగిలింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మిరియాల కోతలు మొదలయ్యే ముందు నాకు ఒక ఆలోచన వచ్చింది. కాటా ముఖం ఎప్పుడూ నా వైపే ఉంటుంది. అమ్మే మనిషి అంకెను చూడడు, నా మొహం చూస్తాడు. ఎదటి వాళ్లకూ కనిపించేలా ఇంకో పలక పెడితే? కాటా వెనక కంప్యూటరుకి తగిలించే సాకెట్ ఒకటి ఉందని నాకు తెలుసు. ఇన్నేళ్లలో దాని మూత తీయలేదు.

అనుకున్నంత సులువు కాలేదు. కేబులు రెండుసార్లు తప్పుది వచ్చింది. మూడోది సరిపోయింది గాని, పన్నెండున్నర కిలోల బస్తా పెడితే కంప్యూటరు మీద ఐదు, రెండు, ఒకటి అని వచ్చింది. మూడు రోజులు తల పట్టుకున్నాను. ఈ కాటా అంకెలను వెనక నుంచి ముందుకు పంపుతుందట. అది తెలిశాక వాటిని తిప్పి పలకకు పంపేలా కంప్యూటరులో రాసుకున్నాను. సంత లేని మధ్యాహ్నాలు ఇదే పని. కొట్టులో తేమకు టంకం పట్టేది కాదు. చలికి వేళ్లు వంగేవి కావు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు మొదటి నుంచి లేచేది. దానితో పాటు నేనూ. ఈ వయసులో ఇదంతా ఎవరి కోసమని నన్ను నేనే ప్రశ్నించుకున్న రోజులు చాలా ఉన్నాయి.

మార్చి మొదటి గురువారం మధ్యాహ్నం పలక పనిచేసింది. కిలో రాయి పెడితే కిలో. ఐదు కిలోల రాయి పెడితే ఐదు. చిన్న అంకెలు కూడా సరిగా వస్తాయో లేదో చూద్దామని బస్తాలోంచి గుప్పెడు మిరియాలు తీసి కాటా పళ్లెంలో పోశాను. పలక మీద సున్నా. తీగ వదులైందేమోనని లేచి, నొక్కి, మళ్లీ కూర్చుని ఇంకో గుప్పెడు పోశాను. సున్నా. టంకం విడిపోయిందనుకున్నాను. స్టూలు దిగి, కళ్లజోడు వెతుక్కుని, ఐదు తీగలూ మళ్లీ అతికించాను. అందులోనే అరగంట పోయింది. మూడో గుప్పెడు పోశాను. సున్నా.

అప్పుడు కంప్యూటరు వైపు చూశాను. అక్కడా సున్నా. కాటా సొంత ముఖం చూశాను. అక్కడా సున్నాయే.

పలక తప్పు కాదు. తీగ తప్పు కాదు. విసుగొచ్చి పళ్లెంలోని మిరియాలన్నీ చేత్తో ఊడ్చి తీసేశాను. మూడు చోట్లా ఒకేసారి అంకె మారింది. ముందు చిన్న మైనస్ గీత. గీత తర్వాత నూట యాభై గ్రాములు.

ఆ గీత నాకు కొత్త కాదు. పదకొండేళ్లుగా అప్పుడప్పుడూ చూస్తున్నదే. బస్తా దించాక ఒక్కోసారి అలా వచ్చేది. కాటా కదిలిందనుకుని, పక్కనున్న సున్నా మీట నొక్కేవాణ్ని. ఆ రోజు కూడా నా వేలు అలవాటుగా మీట మీదికి వెళ్లింది. వెళ్లి ఆగింది.

గీత బాగా చూశాక మీట నొక్కి, అవే మిరియాలు ఈసారి ఒక్కసారిగా పోశాను. నూట యాభై గ్రాములు చూపింది. తీసి, మళ్లీ గుప్పెడు గుప్పెడుగా, మధ్యలో ఆగుతూ పోశాను. సున్నా. నాలుగుసార్లు చేసి చూశాను. కాటా ఖాళీగా ఉన్నప్పుడు మీద పడిన దుమ్మును, గాలి కదలికను లెక్కలోకి తీసుకోకుండా తనను తాను సున్నాకు దిద్దుకునే పద్ధతి దానిలో ఉంది. కొద్ది కొద్దిగా పోస్తే ఆ గుప్పెళ్లను కూడా దుమ్ములాగే మింగేస్తోంది. మిగతా వాళ్లంతా సంచి ఎత్తి ఒక్కసారిగా కుమ్మరిస్తారు. వాళ్లకు ఏ నష్టమూ లేదు.

సోములమ్మ అలా కుమ్మరించదు. ముందు మూడు గుప్పిళ్లు తీసి పళ్లెంలో పోస్తుంది. ఒకటి కొండ దేవతకు, ఒకటి ఇంటి పెద్దలకు, ఒకటి నేలకు. ప్రతి గుప్పిటకూ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంది. కొత్త పంట చేతులు మారేముందు వాళ్ల ఇంట అదే పద్ధతట. నేను ఆ ఆలస్యానికి విసుక్కోకుండా ఆగేవాణ్ని. దైవభక్తి గల మనిషినని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆమె దేవత పేరు తలుస్తుంటే నేనూ లోపల నరసింహస్వామిని తలిచేవాణ్ని. ఆ తలిచేంత సేపట్లోనే నా కాటా గుప్పెడు చొప్పున మింగుతోంది.

పాత త్రాసు రోజుల్లోనూ ఆమె ఆ మూడు గుప్పిళ్లూ పోసేది. త్రాసుకు భక్తి, దుమ్ము అన్న తేడా లేదు. పడినదంతా తూచేది.

స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఆమె దేవుడి పేర పోసిన గింజలు ఎవరికి చేరాయి? నా బస్తాలోకే వచ్చాయి. నేను వాటిని అమ్ముకున్నాను. స్వామి గుడికి కొండెక్కి సమర్పించిన కొబ్బరికాయల్లో ఆ గింజల సొమ్ము ఎంత ఉందో? తెలియక చేసింది పాపమా? తెలియదని ఊరుకోవడానికి ఆ చిన్న గీత ఎన్నిసార్లు కనబడలేదు?

భారతికి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది.

"ఓ పది కిలోలు సంచీలో కట్టి ఇచ్చీండి. ఎవులికీ సెప్పకండి."

"నవ్వింది అందరి ముందు కదా, భారతీ."

ఆమె చేట మళ్లీ ఒళ్లో పెట్టుకుని, "అయితే మీ ఇట్టం. మోకాళ్లకి మందు రాసుకుని పడుకోండి," అంది.

శుక్రవారం పొద్దున్నే కొట్టు తీసి పలకను బయటి వైపు తిప్పి కట్టాను. కొండబాబు పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. జరిగింది అతనికి ముందే చెప్పడం మంచిదనిపించి చెప్పాను. అతని నోట్లో వేపపుల్ల ఆగిపోయింది.

"వరహాలన్నా, నీకు మతి పోయిందేటి? కాటా తప్పని నువ్వే అంటే రేపటి నుంచి సంతలో పతీవోడూ 'నాది తక్కువ తూగింది' అంటాడు. నీకే కాదు, నాకూ అంటాడు."

"తక్కువ తూగింది ఆవిడదొక్కర్తిదే, కొండబాబూ."

"అది నీకెరిక. ఆళ్లకేటి ఎరిక? గప్‌చుప్‌గా ఉండన్నా. ముసిల్దానికి ఏదో ఒకటి ఇచ్చి పంపీ."

నాకు భయం లేదని చెప్పను. నాన్న నిలబెట్టిన కొట్టు. అమ్మేవాళ్ల నమ్మకం తప్ప అందులో వేరే పెట్టుబడి లేదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

పదింటికి సోములమ్మ వచ్చింది. నెత్తి మీద సంచి, వెనక కోడలు. సంచి దించి, పళ్లెం తుడిచి, గుప్పెడు తీయబోయింది.

"అప్పా, ఇయ్యాల నువ్వు నా మొకం సూడకు. ఆ ఎర్రంకె సూడు," అన్నాను.

"అదేటి, సావుకారీ?"

"అది నీ కోసం కట్టినాను. నా కాటా ఏటి సూత్తాదో నీకూ అదే కనబడతాది. నీ మూడు గుప్పిళ్లూ ఎయ్యి."

ఆమె కళ్లు మూసుకోవడం మానలేదు. ఒకటి పోసింది. రెండు. మూడు. కళ్లు తెరిచి పలక చూసింది.

"గుండు సున్నా," అంది కోడలు.

"నా గింజలేవీ మరి?"

చుట్టూ అమ్మడానికి వచ్చినవాళ్లు ముందుకు జరిగారు. నేను లేచి నిలబడ్డాను. గొంతు పెంచి మాట్లాడడం నాకు అలవాటు లేదు. గింజలు తీసి గీత చూపించాను. మీట నొక్కి, అవే ఒక్కసారిగా పోసి అంకె చూపించాను. మళ్లీ కొద్ది కొద్దిగా పోసి సున్నా చూపించాను.

"పదకొండేళ్ల కిందట ఇక్కడే ఈవిడ కుంచం తప్పన్నాం. కుంచం తప్పు కాదు. తప్పు నా కాటాది. కాటా కొన్నది నేను, సూడకుండా మీట నొక్కింది నేను. ఆ రోజు నవ్వింది కూడా తప్పే."

వెనక నుంచి ఒకడు, "అయితే నా పసుపు?" అన్నాడు. కొండబాబు నా వైపు చూసి, చెప్పానా లేదా అన్నట్టు కళ్లెగరేశాడు.

సోములమ్మ ఇవేవీ వినలేదు. పలక అంచు వేలితో తాకింది.

"మరి నా పెనిమిటి సెక్కింది సరైనదేనా?"

"సరైనదే, అప్పా. పుట్టినప్పుడెంతో ఇప్పుడూ అంతే."

"నానూ ఆ కుంచాన్ని నమ్మలేదు, సావుకారీ," అందామె. "సచ్చిపోనోడు మనకి తక్కువ కొలత సెక్కి పోనాడనుకున్నాను. తిట్టినాను కూడా. ఆ కుంచంతో ఇప్పుడు కోళ్లకి గింజలేత్తన్నాం."

కోడలు తల దించుకుంది. "ఏడాదికి ఆరేడుసార్లు తెచ్చావు. నా లెక్కకి ఐదు కుంచాలకి పైనే నీకు రావాల. ఇప్పుడే ఇచ్చేత్తాను," అన్నాను.

"అదెలాగ? ఆ గుప్పిళ్లు నానెవరికేసినాను? దేవతకి, పెద్దలకి, నేలకి. నీకెయ్యలేదు. ఆళ్లకేసింది ఆళ్ల కాడ నుంచి తిరిగెలా పుచ్చుకుంటాను?"

"కాని నా బస్తాలో పడ్డాయి కదా."

"అది నీకూ ఆళ్లకీ మజ్జిన."

కొండబాబు గట్టిగా నవ్వేశాడు. "ఏసింది సూడు ముడి! తల్లీ, నువ్వు కొండ మీద కాదు, కోర్టులో ఉండాల."

"నీ కాటా మీద కూడా మూడు గుప్పిళ్లేత్తాను, ఉండు," అందామె. ఈసారి నవ్వింది జనం. కొండబాబు నవ్వలేదు.

"మరి నన్నేటి సెయ్యమంటావప్పా?" అని అడిగాను.

ఆమె సంచి మూతి సర్దింది. "నవ్వినావు కదా. నవ్వినందుకు ఒక కుంచం ఇచ్చీ. మా కుంచంతోనే. ఇక్కడే. వచ్చే వారం తెత్తాను."

ఆమె మిరియాలు ఇంకా తూచాల్సి ఉన్నాయి. "ఇప్పటికి గుప్పిళ్లు ఆఖర్న ఏద్దువు, అప్పా. అప్పుడైతే కాటా మింగదు," అన్నాను.

"దేవుడికి ఆఖర్న ఎవులైనా ఇత్తారా?"

నిజమే. కిలో రాయి తీసుకొచ్చి పళ్లెంలో ముందే పెట్టాను. కాటా సున్నా దగ్గర లేకపోతే గుప్పెళ్లను మింగలేదు. ఆ కిలోను తీసేసి పలకకు పంపమని కంప్యూటరులో ఒక వరుస రాశాను. ఆమె కళ్లు మూసుకుని మొదటి గుప్పెడు పోసింది. పలక మీద యాభై గ్రాములు వెలిగాయి. కోడలు వేలు చూపించి, "అత్తా, పడింది," అంది.

ఆ వారం తేలిగ్గా గడవలేదు. కొండబాబు అన్నట్టే రోజుకు ఇద్దరు ముగ్గురు వచ్చి తమ పాత తూకాల సంగతి అడిగారు. ప్రతి ఒక్కరికీ గుప్పెళ్లు పోసి చూపించాను, కుమ్మరించి చూపించాను. కొందరు నమ్మారు. ఇద్దరు నమ్మక పై వీధి కొట్టుకు వెళ్లిపోయారు. తూనికల వారికి ఉత్తరం రాశాను, వచ్చి ఆ పద్ధతి తీసేయమని. సాయంత్రానికి మాట్లాడే శక్తి ఉండేది కాదు. బుధవారం మధ్యాహ్నం కొండబాబు తన కొట్టులో తలుపు సగం మూసుకుని, కాటా ముందు కూర్చుని, ఒక్కొక్క గుప్పెడే పోసుకుంటూ కనిపించాడు. నేను చూడనట్టు వచ్చేశాను.

శుక్రవారం సోములమ్మ కుంచం తెచ్చింది. తోమి, ఎండబెట్టి, లోపల పసుపు రాసి తెచ్చింది. అంచు ఒక చోట కోడి పొడిచినట్టు చిన్న గంట్లు ఉన్నాయి. అందరూ చూసేలా పళ్లెం పక్కన, బల్ల మీద పెట్టింది. నేను మేలు రకం మిరియాల బస్తా విప్పి, రెండు చేతులా దోసిళ్లతో పోశాను. అంచు దాటి గోపురంలా లేచేదాకా పోశాను.

"ఏటిది?" అంది.

"ఉంచుకో, అప్పా. కొసరు."

"నీ కొసరు నాకెందుకు?" అరచేతిని అంచు మీద అడ్డంగా పెట్టి ఒక్క ఊపున తోసింది. పైన లేచిన గింజలు నా బస్తాలోకి జారిపడ్డాయి. కుంచం అంచుకు సరిగ్గా నిండి ఉంది. దాన్ని తన సంచిలోకి ఒంపుకుని, మూతి బిగించి కట్టింది.

"తీరిపోనాది, సావుకారీ. ఇయ్యాల నా మిరియాలు తూత్తావా, నిలబడతావా?"

కిలో రాయి తీసి పళ్లెంలో పెట్టాను.